ఉద్దానం నీళ్ల పథకం పనిచేసిందో లేదో ఎవరు తేల్చాలి, దేంతో తేల్చాలి?

కవిటి మాస్టారు:
మన శ్రీకాకుళం జిల్లావాళ్ల అభిప్రాయం కావాలి. ఉద్దానం కోసం ఇన్నేళ్లుగా ప్రభుత్వాలు పెడుతున్న ఖర్చు ఫలితం ఇస్తోందో లేదో తేల్చే పద్ధతిని పథకం మొదట్లోనే రాసి ఊళ్లో అందరికీ కనబడేలా పెట్టాలా? లేక "ముందు నీళ్లు, మందులు, పింఛను రానివ్వండి, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు" అనడమే న్యాయమా?

బయటివాళ్లు కూడా చదువుతారు కాబట్టి నేపథ్యం కొంచెం చెబుతాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల ఉద్దానంలో షుగరూ పాత బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. 1990ల నుంచీ డాక్టర్లు చూస్తున్న సమస్యే ఇది. డాక్టర్ రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 2,200 మందిని పరీక్షిస్తే 18 శాతం మందికి కిడ్నీ జబ్బు కనబడింది. వాళ్లలో ఎక్కువమందికి మామూలుగా చెప్పే కారణాలేవీ లేవు. నీళ్లలో సిలికా, పురుగుమందులు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే కష్టం, నొప్పి మాత్రలు, వారసత్వం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఫలానాదే కారణమని తేలలేదు.

ఇరవై ఏళ్లకు పైగా శవాలు లేస్తున్నా ఇది రాష్ట్రస్థాయి విషయం అయింది 2017లో. ఆ జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి ప్రభుత్వానికి గడువు పెట్టాక పేపర్లు నిండా రాశాయి. అదే ఏడాది రక్తపరీక్షల శిబిరాలు, ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకి 10,000 అయింది. 2019 సెప్టెంబర్ 6న పలాస ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబర్ 14న 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, దాంతోపాటు హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల సుజలధార పథకం ప్రారంభించారు. 2024లో ప్రభుత్వం మారింది, పింఛన్లు మళ్లీ పెరిగాయి.

ఇందులో ఏదీ వద్దనను. కానీ ఎన్ని కోట్లు, ఎన్ని పడకలు, ఎన్ని ఊళ్లు అన్న లెక్కలే మన ముందుకి వచ్చాయి. ఏ ఏడాదికి ఏం మారాలి, మారకపోతే ఏం చెయ్యాలి అన్నది మాత్రం మా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. కారణం తెలియని జబ్బుకి వైద్యం చేస్తున్నప్పుడు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. అది ముందే రాసి ఉండాలన్నది నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

సోంపేట కుర్రోడు:
నేను కాదంటాను మాస్టారూ. మా నాన్న డయాలసిస్ మీద ఉన్నారు. ఇదివరకు విశాఖ వెళ్లాల్సి వచ్చేది. తెల్లారకుండా రైలెక్కి వెళ్లి, మంచం దొరక్కపోతే రాత్రి అక్కడే గడిపి వచ్చేవాళ్లం. ఇప్పుడు దగ్గర్లోనే అవుతోంది. ఆ మార్పు తెలుసుకోవడానికి మాకు లెక్కలు అక్కర్లేదు.

ఇంకో మాట. ఉద్దానంలో మా రక్తం తీసుకెళ్లనివాళ్లు లేరు. దేశం నుంచి వచ్చారు, విదేశాల నుంచి వచ్చారు. సూది గుచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. మా ఇంట్లో తీసిన రక్తానికి ఒకసారి రిపోర్టు వచ్చింది, తక్కినవి రానేలేదు. మళ్లీ ఇప్పుడు "ఫలితాల కొలత" అని ఇంకో గుంపు వస్తే జనం తలుపు వేసేస్తారు. నీళ్లు ఇవ్వడానికి కిడ్నీ జబ్బు తగ్గినట్టు రుజువు కావాలా? హైదరాబాద్‌లో, విజయవాడలో కుళాయి వేసినప్పుడు ఎవరైనా ఇలా అడిగారా? మంచినీళ్లు మాకూ హక్కే.

నాగావళి ఒడ్డు:
నేను గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి రిటైరయ్యాను. ఈ పథకం పనిలో లేను, కాబట్టి బయటివాడిగానే రాస్తున్నాను.

బాబూ, నీళ్లు హక్కే. కాకపోతే ఏ నీళ్లు, ఎక్కణ్ణుంచి అని ఎంచుకున్నప్పుడే విధానం మొదలైపోతుంది. 2017లో ఎంచుకున్నది ఊళ్లో నీళ్లనే శుద్ధి చేసే ఆర్వో. త్వరగా పెట్టొచ్చు, తక్కువలో అవుతుంది. కానీ ఆర్వోలో లోపలికి వెళ్లిన నీళ్లలో పెద్ద భాగం వృథాగా బయటికి పోతుంది. నీళ్లు వడగట్టే పొర (మెంబ్రేన్) మార్చకపోతే పేరుకే ప్లాంటు మిగులుతుంది. తాగడానికి ఓ క్యాను పట్టుకొచ్చుకున్నా, వంటకీ పశువులకీ పాత బోరు నీళ్లే. రెండోది నదీజలం. భూగర్భజలం మీద అనుమానం ఉన్నప్పుడు దాన్నే పక్కన పెట్టేద్దామని ఎంచుకున్నారు. 807 ఆవాసాలకి ఏడాదికి 1.12 టీఎంసీ అన్నది ప్రణాళిక. నా దృష్టిలో ఈ ఎంపిక సరైనదే. జబ్బుకి కారణం నీళ్లే కాకపోయినా, మంచినీళ్లు వచ్చాయన్న మేలు మిగులుతుంది. కారణం తేలనప్పుడు ఎలాంటి పని ఎంచుకోవాలంటే ఇలాంటిదే ఎంచుకోవాలి.

ఆ రిజర్వాయర్ కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు హిరమండలం పక్కన ఉన్నారు. ఉద్దానం నీళ్ల ఖర్చులో వాళ్లనీ తలుచుకోవాలి.

అసలు సంగతి అమలు. పైపు వేసేటప్పుడు అందరూ వస్తారు. వేశాక కరెంటు బిల్లు, పంపు రిపేరు, వాల్వులు, ట్యాంకు కడిగే మనిషి జీతం, వీటికి ప్రతి ఏడాదీ డబ్బు కావాలి. శంకుస్థాపన శిలాఫలకం మీద ఈ అంకె ఎవరూ రాయరు. ఇంత పొడవు లైనులో పంపులు రెండు రోజులు ఆగితే ముందు ఎండిపోయేది చిట్టచివరి ఊళ్లే. కాబట్టి ఇంజనీరింగ్ పరీక్ష సులువు. చివరి ఊళ్లో, చివరి వీధిలో, చివరి కుళాయి దగ్గర నిలబడి చూడండి. నీళ్లు ఎన్ని గంటలు వచ్చాయి, ధార ఎలా ఉంది, క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందా? ఇది రోజూ రాసి ఊరి సచివాలయం గోడకి అతికించొచ్చు. కిడ్నీ జబ్బు తగ్గిందా అనే పరీక్ష మాత్రం పైపులకి పెట్టకండి. అది వైద్యశాఖ పరీక్ష.

వజ్రపుకొత్తూరు అక్క:
నేను ఏఎన్ఎంని. ఊరి పేరు చెప్పను.

ఇంజనీరు గారూ, చివరి కుళాయి దాకా నీళ్లు వచ్చినా మీ పరీక్ష అక్కడితో పూర్తి కాదు. ఆ నీళ్లు బిందెలోకి పట్టి, అంట్లు తోమి, స్నానాలు చేసి, తాగడానికి మాత్రం క్యాను కొనుక్కునే ఇళ్లు నా పరిధిలో ఉన్నాయి. "మందు వాసన వస్తోంది" అంటారు. ముసలమ్మలు బావి నీళ్లే రుచి అంటారు. జీడితోటలకి పోయేవాళ్లు అక్కడున్న బోరు నీళ్లే తాగుతారు, ఇంటి కుళాయిని తోటకి మోసుకుపోలేరు కదా. కుళాయి ఉందా అని అడిగే ఫారం చాలాసార్లు నింపాను. "నువ్వు తాగేది ఏ నీళ్లు? మధ్యాహ్నం తోటలో ఏం తాగావు?" అని అడిగే గడి ఆ ఫారంలో లేదు.

పింఛను గురించి కూడా చెప్పాలి. డయాలసిస్ మొదలు కానివాళ్లకి పింఛను రావాలంటే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పాడయ్యేకొద్దీ పెరిగే అంకె) 5 దాటాలి, కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం (ఈజీఎఫ్‌ఆర్) 15 కంటే తగ్గాలి. మొదట వాళ్లకి 5,000 ఉండేది, 2024లో 10,000 చేశారు. మంచిదే, డబ్బు లేకపోతే ఆ ఇళ్లు నిలబడవు. కానీ ఆ గీత ఏం చేసిందో చూడండి. 4.6, 4.8 దగ్గర ఉన్న మనిషి రిపోర్టు నా చేతికిచ్చి "ఇంకా పెరగలేదా అమ్మా?" అని అడుగుతాడు. పెరగకూడదని నేను మందులిస్తుంటే, పెరిగితే బియ్యానికి డబ్బు వస్తుందని ఆ ఇల్లు ఎదురుచూస్తోంది. అలా అడిగినవాళ్లని తప్పు పట్టలేను. గీత గీసినవాళ్లు ఒకసారి ఆ ఇంటికి వచ్చి కూర్చోవాలి.

క్రియాటినిన్ 1.6, 2 ఉన్నవాళ్లని పట్టుకుని ఆపగలిగితే బతుకు మారేది వాళ్లకే. బీపీ అదుపు, ఉప్పు తగ్గించడం, ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూదులు మానడం. కానీ రెండో పరీక్షకి వాళ్లు రారు. ఒక రోజు కూలి పోతుంది, వచ్చినా చేతికి ఏమీ రాదు. నన్ను నెలకి ఎన్ని పరీక్షలు చేయించావని అడుగుతారు. మొదటి పరీక్షలో తేడా వచ్చినవాళ్లలో ఎంతమంది రెండోసారి వచ్చారని ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న పైనుంచి వస్తే నా పని తీరే మారిపోతుంది.

కవిటి మాస్టారు:
అక్క రాసింది అందరూ మళ్లీ చదవండి. అడిగే ప్రశ్న మారితే కింద జరిగే పని మారుతుంది. అందుకే కొలతని పథకం అయిపోయాక చేసే ఆడిట్‌గా చూడొద్దంటున్నాను.

సోంపేట తమ్ముడూ, నువ్వు సంతోషపడుతున్న డయాలసిస్ మాటే తీసుకుందాం. రేపు ఎవరైనా "ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్లు పెరిగారు, పథకం విఫలమైంది" అని రాస్తారు. నిజానికి దగ్గర్లో మంచం దొరికితే, ఇదివరకు విశాఖ పోలేక ఇంట్లోనే చనిపోయేవాళ్లు ఇప్పుడు బతికి లెక్కలోకి వస్తారు. సంఖ్య పెరగడం ఇక్కడ మేలుకి గుర్తు. పరీక్షలు ఎక్కువ చేస్తే రోగులు ఎక్కువ కనబడతారు. ముందే రాసుకోకపోతే ప్రతి అంకెనీ ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పుతారు.

విజయనగరం కోట వీధి:
ఆర్థికశాస్త్రం చదివాను, సర్వేల్లో తిరిగాను. మన పక్కనే జరిగిన ఒక సంగతి చెబుతాను.

2010 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో ఇవ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో మాట్లాడి, ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు కార్డులు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆ ఎనిమిదిలో మా విజయనగరం ఒకటి. ఎలాగూ అన్ని మండలాలకీ ఒకేసారి ఇవ్వలేరు, వరస ఏదో ఒకటి ఉండాలి. ఆ వరసని పలుకుబడికి వదలకుండా లాటరీకి వదిలారు, అంతే. ఎవరి హక్కూ పోలేదు. తర్వాత పోల్చి చూస్తే కార్డులు ముందొచ్చిన మండలాల్లో కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు బాగా తగ్గింది.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది. ఆ కార్డుల మీద కిందినుంచి ఫిర్యాదులు బాగా వెళ్లేవి. పాత పద్ధతిలో లాభపడ్డవాళ్ల గొంతు పెద్దది, అది అధికారుల చెవిలో త్వరగా పడుతుంది. కూలీలని నేరుగా అడిగితే చాలా ఎక్కువమంది కొత్త పద్ధతే బాగుందన్నారు. ఆ సర్వే లేకపోతే నష్టపోయినవాళ్ల అరుపులు విని పథకం ఎత్తేసే ప్రమాదం ఉండేది. అంటే కొలత పేదవాడి గొంతుని పైకి చేర్చింది. అది పేదవాడికి వ్యతిరేకమని అనుకోకండి.

సుజలధారలో కూడా అన్ని ఊళ్లకీ ఒకే రోజు నీళ్లు రాలేదు. ఏ ఊరికి ఎప్పుడు వచ్చాయో రాసి ఉంటే పోలిక సాధ్యం. ఒక జాగ్రత్త అవసరం. ముందు నీళ్లు వచ్చినవి రోడ్డు పక్క ఊళ్లో, కాస్త కలిగిన ఊళ్లో అయితే తేడా నీళ్ల వల్ల వచ్చిందో, కలిమి వల్ల వచ్చిందో చెప్పలేం. అందుకే నీళ్లు రాకముందు పరిస్థితి ఏమిటన్న రికార్డు ప్రాణం లాంటిది. 2017 శిబిరాల ఫలితాలు ఊరి వారీగా, పేర్లు తీసేసి బయటపెడితే అదే మనకి ప్రారంభ రేఖ అవుతుంది.

బారువ తీరం:
అందరూ చాలా శాస్త్రీయంగా మాట్లాడుతున్నారు. రాజకీయం ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతాను.

మన రాష్ట్రంలో పాత ప్రభుత్వ పథకాన్ని కొత్త ప్రభుత్వం కొలిస్తే ఏం తేలుతుందో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. పేరు మారుతుంది, రంగు మారుతుంది, "విఫలం" అన్న రిపోర్టు వస్తుంది, నిర్వహణ డబ్బు ఆగుతుంది. కిడ్నీ జబ్బు ముదరడానికి పదేళ్లు, పదిహేనేళ్లు. ఎన్నికలు ఐదేళ్లకి. ఐదేళ్లలో మార్పు కనబడకపోవడం ఈ జబ్బు స్వభావం. దాన్ని మీరు కొలిచి చేతికిస్తే, పథకాన్ని చంపడానికి కత్తి ఇచ్చినట్టే.

శాస్త్రం పూర్తిగా తేలేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడటం కూడా ఒక విధానమే. శ్రీలంకలో ఇలాంటి కిడ్నీ జబ్బే వస్తే 2015లో గ్లైఫోసేట్ కలుపుమందు నిషేధించారు. రుజువు కోసం ఆగలేదు.

ఇంకో సంగతి. 2010 జూలై 14న సోంపేటలో బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఆ చిత్తడి నేల ఎందుకూ పనికిరాదని కాగితాల మీద రాసి అనుమతులిచ్చారు. చేపలు పట్టుకునేవాళ్లకీ పొలం దున్నేవాళ్లకీ దాని విలువ తెలుసు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతి రద్దు చేసింది. నిపుణుల కాగితం అనగానే ఈ ప్రాంతం వాళ్లకి భయం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? కొలత ఎవరి చేతిలో ఉంటుందో ముందు చెప్పండి, ఆ తర్వాతే ఒప్పుకుంటాను.

విజయనగరం కోట వీధి:
శ్రీలంక ఉదాహరణ మీరే తెచ్చారు కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. 2015లో నిషేధించారు, 2018లో తేయాకు, రబ్బరు తోటలకి సడలించారు. నిషేధం ఉన్న కాలంలో జబ్బు మీద దాని ప్రభావం ఎంతో తేల్చే ఏర్పాటు ముందే ఉంటే, సడలింపు వేళ మాట్లాడటానికి జనం దగ్గర ఆధారం ఉండేది. ఆధారం లేనప్పుడు తోటల యజమానుల నష్టం ఒక్కటే వినబడుతుంది. ముందుజాగ్రత్త తప్పని నేననడం లేదు. ముందుజాగ్రత్తతో చేసిన పని ఐదేళ్ల తర్వాత కూడా నిలబడాలంటే దాని పక్కన లెక్క ఉండాలి.

పదేళ్లు ఆగాలన్నది కూడా పూర్తిగా నిజం కాదు. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకి ఇలాంటి జబ్బే వస్తుంది. నికరాగువాలో ఒక చక్కెర మిల్లులో కూలీలకి విశ్రాంతి, నీడ, నీళ్లు పద్ధతిగా ఇచ్చి, కోత సీజన్‌కి ముందూ తర్వాతా రక్తపరీక్షలు చేశారు. ఏర్పాట్లు మెరుగుపరిచాక, ఒక్క సీజన్‌లో కిడ్నీ దెబ్బతినేవాళ్ల సంఖ్య బాగా తగ్గిందని తేలింది. అది ఒక సీజన్‌లోనే కనబడే గుర్తు. మన జీడి సీజన్ వేసవిలోనే కదా. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాళ్లకి సీజన్ ముందొకసారి, చివరొకసారి క్రియాటినిన్ చూస్తే ఏదైనా తెలియొచ్చు.

సోంపేట కుర్రోడు:
ఇది బాగుంది. నీడ, విశ్రాంతి సంగతి మా దగ్గర ఎవరూ అనలేదు. అందరూ నీళ్లు నీళ్లనే అన్నారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి చెట్లు పడిపోయాక తోటలో నీడే పోయింది. అంతకుముందు తోటపని అంటే చెట్టు కింద పని. తర్వాత కొన్నేళ్లు బోడి నేల మీద ఎండలో పని. దానివల్ల జబ్బు పెరిగిందో లేదో నాకు తెలియదు, కానీ ఎవరైనా చూడాల్సిన సంగతే.

అయినా నా షరతులు నావి. ఒకటి, రక్తం ఇచ్చిన మనిషికి తన రిపోర్టు ముందు రావాలి, తెలుగులో రావాలి, అది అర్థమయ్యేలా చెప్పే మనిషి ఉండాలి. పత్రికలో వ్యాసం ఆ తర్వాత. రెండు, కొలతలో ఏం తేలినా నీళ్లు ఆపకూడదు. ఆ మాట కాగితం మీద ఉండాలి.

నాగావళి ఒడ్డు:
రెండో షరతుకి నా పూర్తి మద్దతు. నిర్వహణ డబ్బుని ఆరోగ్య ఫలితానికి ముడిపెట్టకూడదు. నీళ్లు ఆగితే పాత బోరుకే పోతారు, అప్పటిదాకా చేసిన పోలిక కూడా పాడవుతుంది.

కవిటి మాస్టారు:
బారువ అన్నా, కొలత ఎవరి చేతిలో ఉండాలన్న నీ ప్రశ్నకి జవాబు మన రాష్ట్రంలోనే పుట్టింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టింది. 2006 నుంచి మన దగ్గర అది పద్ధతిగా జరిగింది. బయటి నుంచి వచ్చిన తనిఖీ బృందం ఊరి కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి, మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ పంపేది. "ఇన్ని రోజులు పనిచేసినట్టు రాశారు, నిజమేనా?" అని అడిగి, నలుగురి ముందూ చదివేవాళ్లు. లోపాలు ఉన్నాయి, పట్టుకున్న డబ్బంతా వెనక్కి రాలేదు. కానీ పార్టీ ఏదైనా, సభలో నిలబడి చదివిన కాగితాన్ని దాచడం కష్టం.

సుజలధారకి కూడా అదే చెయ్యొచ్చు. నీళ్లు వచ్చిన రోజులు, ఆగిన రోజులు, క్లోరిన్, తాగుతున్న ఇళ్లు, ఇవి ఊరు లెక్కపెట్టుకోగలదు. డిగ్రీ అక్కర్లేదు. కొత్త కేసుల లెక్క మాత్రం ఊరి వల్ల కాదు, వైద్య కళాశాలలో సామాజిక వైద్య విభాగం లాంటివాళ్లు చెయ్యాలి. వాళ్లు ఏ వయసువాళ్లని, ఏ దశలో, ఏ ఏడాది చూస్తారో ముందే ప్రకటించాలి. ముందు ప్రకటించిన ప్రశ్నని తర్వాత మార్చడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

కొలత ఆయుధం అవుతుందన్న భయం నిజమే. కానీ కొలత లేకపోయినా ఆయుధాలు ఆగలేదు. 2017 ఆర్వో ప్లాంట్లు ఎన్ని ఇళ్లకి ఎంత కాలం నీళ్లిచ్చాయో ఊళ్లో చదివి వినిపించిన లెక్క లేదు. అందుకే ఒకరు అద్భుతమంటారు, ఇంకొకరు దండగంటారు, ఇద్దరినీ ఆపే కాగితం మన చేతిలో లేదు.

పింఛను గీత గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను. 5 దగ్గర ఇచ్చే 10,000 తగ్గించకూడదు. దాంతోపాటు 1.5 నుంచి 5 మధ్య ఉన్నవాళ్లు పరీక్షకి వచ్చిన రోజు కూలి, బస్సు ఛార్జీ ఇవ్వాలి. మొత్తం ఖర్చులో అది చిన్నది. మనిషి జబ్బు ముదిరాకే ప్రభుత్వానికి కనబడటం నాకు భరించరానిదిగా ఉంది.

వజ్రపుకొత్తూరు అక్క:
మాస్టారూ, పరీక్ష రోజు కూలి ఇస్తే వస్తారు, నేను రాసిస్తాను. కానీ దీన్ని ఇంకో యాప్‌గా చేసి నా ఫోన్లో పెట్టొద్దు. ఇప్పటికే టీకాలు, గర్భిణులు, బీపీ, షుగరు, జ్వరాల సర్వే, ఒక్కోదానికి ఒక్కో యాప్. సిగ్నల్ లేక రాత్రి ఇంటి డాబా ఎక్కి అప్‌లోడ్ చేస్తుంటాం. ఉద్దానం మండలాల్లో కిడ్నీ పనికే ఒక మనిషిని విడిగా ఇవ్వండి. అమలు చేసేవాళ్ల సమయం విధానం రాసేవాళ్లకి ఉచితంగా దొరికే వస్తువులా కనబడుతోంది.

బారువ తీరం:
సామాజిక తనిఖీ అంటే కొంత నమ్మకం కలుగుతుంది. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. గ్రామసభలో సర్పంచి మనుషులు ముందు వరసలో కూర్చుంటే, చివరి వీధి ఆడవాళ్లు "మాకు నీళ్లు రావడం లేదు" అని లేచి చెబుతారా? ఉపాధి తనిఖీల్లో బయటి బృందం ఉండేది కాబట్టి కొంత ధైర్యం ఉండేది. ఇక్కడ ఆ బృందానికి జీతం ఇచ్చేది ఎవరు? నీళ్లు సరఫరా చేసే శాఖే ఇస్తే వద్దు.

కవిటి మాస్టారు:
ఆ శాఖ ఇవ్వకూడదు. సామాజిక తనిఖీకి 2009లో మన రాష్ట్రం విడిగా ఒక సొసైటీనే పెట్టింది, పనిచేయించే శాఖ కింద తనిఖీ ఉండకూడదనే. అలాంటిదే అడుగుదాం. ఆడవాళ్ల మాట కోసం సభకంటే ముందు వీధి వారీగా డ్వాక్రా సంఘాల్లో అడిగి రాసుకోవాలి. సభలో పేరు లేకుండా చదవాలి.

కలెక్టర్ గారికి, మన ఎమ్మెల్యేలకి ఇచ్చే వినతిపత్రం రాయడం మొదలుపెడుతున్నాను. అందులో నాలుగు అడుగుతాను. 2017 శిబిరాల ఫలితాలు పేర్లు లేకుండా ఊరి వారీగా ఇవ్వడం, పథకానికి ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు ప్రకటించడం, మొదటి దశ రోగులకి పరీక్ష రోజు కూలి, విడిగా ఉండే తనిఖీ. సోంపేట తమ్ముడి రెండు షరతులూ అందులో ఉంటాయి. మన ఊళ్ల లెక్క మనమే మొదలుపెడదాం. మీ ఊరికి నది నీళ్లు మొదట ఏ నెలలో వచ్చాయో గుర్తున్నవాళ్లు ఊరు, మండలం రాసి ఈ కిందే పెట్టండి.

వజ్రపుకొత్తూరు అక్క:
మొదటి నెల ఒక్కటే రాస్తే చాలదు మాస్టారూ. పోయిన వేసవిలో వరసగా ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఆగాయో, ఆగినప్పుడు ఏ నీళ్లు తాగారో కూడా రాయమనండి. ఇంట్లో మగవాళ్లని కాదు, బిందె మోసేవాళ్లని అడిగి రాయమనండి.